ఎర్ర బకెట్ ఎందుకు ఖాళీగా ఉంది? విశాఖలో ఒక చవక చైనీస్ బఫే కేసు

"సార్, ఒక్కొక్కడూ వచ్చి పీకలదాకా తినీసి ఎల్లిపోతన్నాడు. ఇలాగైతే ఇంకో మూడు నెలల్లో షట్టర్ దించీడమే."

ఫోన్‌లో ఓనరు మొదటి మాట ఇది. కిందటేడు ఏప్రిల్ చివర్లో. విశాఖలో మెయిన్ రోడ్డుకి ఒక సందు లోపల, మెట్లెక్కి వెళ్ళే మొదటి అంతస్తు హాలు, 70 సీట్లు. బఫే మామూలు రోజుల్లో 249, శని ఆదివారాల్లో 299, పిల్లలకి సగం. పేరు రాయను, ఏ ఏరియానో కూడా చెప్పను, ఆయన ఇంకా ఆ వ్యాపారంలోనే ఉన్నాడు. రాసుకోమన్నది మాత్రం ఆయనే.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి తొమ్మిదేళ్ళు క్రూయిజ్ షిప్పుల్లో బఫే కిచెన్‌లో పనిచేశాను. అమెరికా రేవుల్లో ఆగే షిప్పులకి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చి 100కి మార్కులు వేస్తారు, 85 వచ్చినా ఫెయిలే. ఆ భయంతో పని నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు వైజాగ్, విజయనగరం, శ్రీకాకుళంలో చిన్న హోటళ్ళకి లెక్కలూ కిచెన్ పద్ధతులూ సరిచేసి పెడుతుంటాను.

మొదటిసారి ఎప్పుడూ కస్టమర్‌గానే వెళ్తాను. ఆదివారం పన్నెండున్నరకి 299 కట్టి, లైను, అంటే వంటకాలు వరసగా పెట్టిన బల్ల, కనబడే టేబుల్ చూసుకుని కూర్చున్నాను. స్వీట్ కార్న్ సూప్, మంచావ్ సూప్, స్ప్రింగ్ రోల్స్, గోబీ మంచూరియా, చిల్లీ చికెన్, ఒక చికెన్ గ్రేవీ, హక్కా నూడిల్స్, వెజ్ ఫ్రైడ్ రైస్, చికెన్ ఫ్రైడ్ రైస్, చివర్న గులాబ్ జామూన్, ఐస్‌క్రీం. వాటి పక్కన స్టీలు గిన్నెలో పెరుగన్నం, చిన్న సీసాలో ఆవకాయ. చైనీస్ బఫేలో పెరుగన్నం ఏమిటని నవ్వకండి, ఆ రోజు అన్నిటికంటే ముందు అడుగంటింది అదే.

ఓనరు భయపడే మనుషులు కూడా వచ్చారు. నలుగురు ఇంజినీరింగ్ కుర్రాళ్ళు. పొద్దున్నించి ఏమీ తినకుండా వచ్చినట్టున్నారు, సూప్ జోలికి పోలేదు, అన్నం జోలికి పోలేదు, నేరుగా చిల్లీ చికెన్ మీద పడ్డారు. తలా మూడు ప్లేట్లు, ఎముక తప్ప ఏమీ మిగల్చలేదు. వాళ్ళ వెనక టేబుల్‌లో అయిదుగురున్న కుటుంబం. అందులో మామ్మగారు రెండు గరిటెలు నూడిల్స్ పెట్టుకుని, పురుగుల్ని చూసినట్టు చూసి, పక్కకి జరిపి పెరుగన్నం తిన్నారు. చిన్నపిల్ల ఐస్‌క్రీం మూడుసార్లు, ఇంకేమీ లేదు. ఆ మామ్మగారు కట్టిన 299లోంచే కుర్రాళ్ళ మూడో ప్లేటు వెళ్తుంది. బఫే వ్యాపారం నడిచేదే ఆ సర్దుబాటు మీద. ఎంత తిండిపోతైనా కడుపు కడుపే, దానికో హద్దుంది.

హద్దు లేనిది లైను మీద కనిపించింది. చికెన్ ఫ్రైడ్ రైస్ పెట్టిన పాన్ ఫుల్ సైజుది, నాలుగంగుళాల లోతు, అంటే సుమారు 14 లీటర్లు పడుతుంది. అది అంచులు దాటి గోపురంలా పేర్చి ఉంది. ఒంటిగంటకే పైన ఆవిరి ఆగిపోయింది. పాన్‌ని వేడిగా ఉంచే చేఫింగ్ డిష్ కింద మండే రెండు జెల్ డబ్బాల్లో ఒకటి ఆరిపోయింది, ఫ్యాన్ గాలి అటే కొడుతోంది మరి. పై పొర ఎండి గింజ బిరుసెక్కింది. అప్పుడు కిచెన్‌లోంచి ఒక కుర్రాడు వచ్చి, గరిటెతో అడుగున ఉన్నదాన్ని పైకి తిప్పి, చేతిలో ఉన్న కొత్త వాయిని దాని మీద కుమ్మరించి, మళ్ళీ గోపురం కట్టి వెళ్ళాడు. మూడింటికి నేను లేచేటప్పటికి ఆ పాన్‌లో సగం పైనే ఉంది. పన్నెండింటికి వేసిన అన్నం అందులో ఎక్కడో అడుగున ఇంకా ఉండే ఉంటుంది.

బుధవారం నాడు ఓనర్‌తో కూర్చున్నాను. బిల్లులు, కొనుగోళ్ళ పుస్తకం, ఫిష్షింగ్ హార్బర్ దగ్గర రొయ్యలకి ఇచ్చిన చీటీలు, పూర్ణా మార్కెట్ కూరగాయల లెక్క, అన్నీ చూపించాడు. అమ్మకంలో సరుకు ఖర్చు 46 శాతం. ఆ ధరకి అది చాలా ఎక్కువ. గోడ మీద బోర్డు: 'ఆహారం వృథా చేసినచో 100 రూపాయలు అదనం.' దాని వల్ల వచ్చిన డబ్బు ఎంత అని అడిగితే, ఒక్కసారి కూడా వసూలు కాలేదు, రెండుసార్లు గొడవ మాత్రం అయింది అన్నాడు. ఆ గొడవల మాట మీద, తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ చెప్పినట్టు, ఇంకో మాట అన్నాడు.

"మొన్న ఒక పుట్టినరోజు పార్టీ వొచ్చింది సార్, పదకొండు మంది. సాయంత్రానికి ఆరుగురికి వాంతులంట. ఎక్కువ తినీసుంటారు. ఫోన్ చేసి నానా మాటలూ అన్నారు."

ఎన్ని గంటలకి మొదలయ్యాయి అని అడిగాను. తిన్న రెండు మూడు గంటల్లో. జ్వరం? లేదంట. విరేచనాలు? ఒకరిద్దరికి. మర్నాటికి? అందరూ బాగానే ఉన్నారంట. ఆరుగురూ తిన్నది ఏమిటి? అది ఆయనకి తెలీదు, నేనే ఆ ఫోన్ నంబరు తీసుకుని మాట్లాడాను. మొదట తిట్టారు, తర్వాత చెప్పారు. ఆరుగురికీ ఉమ్మడిగా ఉన్నది చికెన్ ఫ్రైడ్ రైస్.

ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఆ గంటల లెక్క వినగానే ఒక పేరు గుర్తొస్తుంది: బాసిల్లస్ సీరియస్. మట్టిలో ఉండే బ్యాక్టీరియా, బియ్యంతో పాటు వంటింట్లోకి వస్తుంది. అన్నం ఉడికినప్పుడు బ్యాక్టీరియా చస్తుంది కానీ దాని బీజాలు చావవు. అన్నం చల్లారకుండా, వేడిగా కూడా లేకుండా, గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే ఆ బీజాలు మొలకెత్తి పెరుగుతాయి, పెరుగుతూ ఒక విషాన్ని వదులుతాయి. ఆ విషానికి మళ్ళీ వేడి చేసినా ఏమీ కాదు. భగభగ మండే చైనీస్ పొయ్యి మీద ఎంత ఎగరేసినా సరే, బ్యాక్టీరియా పోతుంది, విషం ఉంటుంది. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు, ఒక రోజులో సర్దుకోవడం దాని తీరు. 1970ల మొదట్లో బ్రిటన్‌లో చైనీస్ రెస్టారెంట్ల ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్ళలో ఇది బయటపడింది, అందుకే ఇప్పటికీ ఫ్రైడ్ రైస్ సిండ్రోమ్ అంటారు. ఇలాంటి తీరు స్టెఫిలోకాకస్ విషానికి కూడా ఉంటుంది, అది చేతుల ద్వారా వచ్చేది. అన్నం శాంపిల్ ఎవరూ దాచలేదు, లాబ్‌కి వెళ్ళలేదు, కాబట్టి ఆ ఆరుగురి విషయంలో నాది అనుమానమే. కానీ వెతకాల్సిన చోటు మాత్రం తెలిసింది.

సరే, ముందు ఆయన పిలిచిన పని. రెండు బకెట్లు కొనిపించాను. నీలం బకెట్‌లో కస్టమర్ ప్లేట్లో వదిలేసింది, ఎర్ర బకెట్‌లో లైను మీద పాన్‌లలో మిగిలిపోయింది. రాత్రి రెండూ తూకం వేసి పుస్తకంలో రాయాలి, అంతే.

మొదటి రోజు శనివారం. నీలం బకెట్ ఎనిమిది కిలోలు, ఎర్ర బకెట్ రెండు కిలోలు కూడా లేదు. ఓనరు మొహం వెలిగిపోయింది. "చూసారా సార్, నాను చెప్పలేదేటి? తినీవోళ్ళే పారేత్తన్నారు." నాకు మాత్రం ఆ రెండు కిలోలు మింగుడుపడలేదు. మధ్యాహ్నం మూడున్నరకి నా కళ్ళతో చూశాను, ఒక్క రైస్ పాన్‌లలోనే పది కిలోలకి తగ్గకుండా ఉంది. అది ఎక్కడికి వెళ్ళింది?

కిచెన్‌లోకి వెళ్ళి ఎవర్నీ ఏమీ అడగకుండా గిన్నెలు కడిగే తొట్టి పక్కన నిలబడ్డాను. పావుగంటకి తెలిసిపోయింది. పాన్‌లు లోపలికి రాగానే వాటిలో ఉన్నది పెద్ద ప్లాస్టిక్ టబ్బుల్లోకి వెళ్తోంది. మూత పెట్టి, గ్రైండర్ పక్కన నేల మీదే ఉంచుతున్నారు. రాత్రి సర్వీసుకి అందులోనే ఎర్ర సాస్ కలిపి, రెండు గుడ్లు కొట్టి, ఎగరేస్తే షెజ్వాన్ రైస్. అప్పటికీ మిగిలితే ఫ్రిజ్‌లోకి, మర్నాడు మళ్ళీ అడుగున. మిగిలిన చిల్లీ చికెన్ ముక్కలు తరిగితే చికెన్ ఫ్రైడ్ రైస్‌లో ముక్కలు. ఎర్ర బకెట్ ఖాళీగా ఎందుకుందో అర్థమైంది కదా.

ఇక్కడ చీఫ్ కుక్ గురించి చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. డార్జిలింగ్ వైపు మనిషి, పన్నెండేళ్ళుగా చైనీస్ పొయ్యి మీదే ఉన్నాడు, చెయ్యి అద్భుతం. అన్నం ఎందుకు నేల మీద ఉందని హిందీలో అడిగితే, ఏమీ మాట్లాడకుండా నన్ను చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్ళి తలుపు తీశాడు. పచ్చి చికెన్, ఐస్‌క్రీం డబ్బాలు, పైన పెరుగు. గాజు తలుపు ఫ్రిజ్ ఇంకోటి ఉంది కానీ అది కూల్‌డ్రింక్ కంపెనీ ఇచ్చింది, అందులో వాళ్ళ సీసాలు తప్ప వేరేవి పెడితే పట్టుకెళ్ళిపోతారట. "ఆరు నెలల నుంచి ఫ్రిజ్ అడుగుతున్నాను సార్" అన్నాడు. ఓనరు అవతలి వైపు చూశాడు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి ప్రోబ్ థర్మామీటర్ (తిండిలోకి సూది గుచ్చి వేడి కొలిచేది) పట్టుకుని వెళ్ళాను. ఫ్రైడ్ రైస్‌కి అన్నం ముందురోజుది అయితేనే గింజ విడుతుంది, అది నిజమే, అందుకని రాత్రి పదకొండింటికి పెద్ద డేక్సాలో వండి వార్చి మూత పెట్టి వదిలేస్తారు. పై అన్నం చల్లగానే ఉంది. సూది నడి మధ్యలోకి గుచ్చితే 39 డిగ్రీలు చూపించింది. రాత్రంతా వేసవి ఉక్క, కిటికీ లేని కిచెన్, ఎనిమిది గంటల తర్వాత కూడా కుండ నడుమ ఒళ్ళు వేడి. మన దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రకారం వేడిగా ఉంచే తిండి 60 డిగ్రీలకి పైన, చల్లగా ఉంచేది 5కి లోపు ఉండాలి. మధ్యలో ఉన్నదంతా బ్యాక్టీరియాకి పండగే. ఇదే అన్నం మధ్యాహ్నం లైనులోకి వచ్చాక, ఒంటిగంటన్నరకి పాన్ అంచులో 57, నడుమ 49, పైన 41.

అప్పటిదాకా గల్లా దగ్గర కూర్చుని అంతా వింటున్న ఓనరు వాళ్ళమ్మగారు ఒక ప్రశ్న వేశారు. మంచి ప్రశ్న, దానికి జవాబు చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. "బాబూ, మేము పుట్టిన కాడినుంచి చద్దన్నం తిన్నాం. రాత్రి అన్నమే కదా అదీని? మాకేటీ అవ్వలేదే?"

తేడా నీళ్ళలో ఉందమ్మా అన్నాను. చద్దన్నం నీళ్ళు పోసో, గంజిలోనో, మజ్జిగ కలిపో ఉంచుతాం. రాత్రికి రాత్రి పులుస్తుంది, ఆ పులుపు పుట్టించే సూక్ష్మజీవులు మిగతావాటిని సరిగ్గా పెరగనివ్వవు. పైగా ఇంట్లో గిన్నెడు అన్నం, గంటలో చల్లారిపోతుంది. ఇక్కడ పాతిక కిలోలు, పులుపు లేదు, నీళ్ళు లేవు, పైన మూత. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే మా పెరుగన్నవే మంచిదన్నమాట" అన్నారు. కాదనలేకపోయాను.

మార్పులు మొదలుపెట్టే ముందు ఓనరుకి ఒక మాట చెప్పాను: టబ్బులు ఆపిన రోజు నుంచి మీ ఖర్చు పెరుగుతుంది, తగ్గదు. ఇన్నాళ్ళూ పారేయాల్సింది జనం చేత తినిపించి లెక్క దాచేశారు, ఇప్పుడది బకెట్‌లో కనిపిస్తుంది. అలాగే జరిగింది. టబ్బులు బంద్ చేసిన మొదటి ఆదివారం ఎర్ర బకెట్ (బకెట్ చాలక రెండు సంచులు కూడా) 31 కిలోలు తూగింది. నీలం బకెట్ తొమ్మిది. ఆ రోజు వచ్చింది 140 మంది. ఓనరు ఆ 31 అంకె వైపు చాలాసేపు చూశాడు. 'తినీసి ఎల్లిపోతన్నారు' అన్న మాట ఆ తర్వాత నేను ఆయన నోట వినలేదు.

ఆ 31 కిలోలకి కారణం గోపురం. పన్నెండింటికి ఎంత నిండుగా ఉందో, మూడింటికి కూడా అంతే నిండుగా ఉండాలన్న పట్టుదల. చిన్న పాన్‌లు పెడదాం, ఆరేడు కిలోల బదులు మూడేసి కిలోలు, ప్రతి పావుగంటకి కొత్త వాయి అంటే ఆయనకి నచ్చలేదు. పెళ్ళి భోజనంలో గిన్నె అడుగు కనబడితే ఆడపెళ్ళివాళ్ళ పరువు పోతుందే, అదే బాధ. "అడుగు కనబడితే జనం ఏటనుకుంటారు సార్?" ఏమనుకుంటారో చూద్దామని ఒక్క ఆదివారం అడిగాను. ఫుల్ పాన్ చోట రెండు హాఫ్ పాన్‌లు, ఒకటి అయిపోతుండగా రెండోది లోపల ఎగరేస్తారు. పాతదాని మీద కొత్తది పోయడం నిషేధం, పాన్ మొత్తం మార్చాల్సిందే. పొయ్యిల్లో ఒకదాన్ని లైను వెనక తలుపు దగ్గరికి జరిపాం. కడాయి మీద గరిటె చప్పుడు, ఆ వెల్లుల్లి సోయా పొగ వాసన హాల్లోకి వచ్చేసరికి జనం పాన్ అడుగు చూడటం మానేసి తలుపు వైపు చూశారు. పాన్ బయటికి రాగానే క్యూ. అలా క్యూ కట్టి తీసుకున్న రైస్ 70 డిగ్రీల పైన ఉంది, ఎండే టైమే దొరకలేదు.

అసలు ఈ వంటలు నిలబెట్టడానికి పుట్టినవి కావు. కలకత్తా టాంగ్రాలో చైనా నుంచి వచ్చి స్థిరపడిన హక్కా కుటుంబాలు మొదలుపెట్టిన రుచి, 1975 ప్రాంతంలో బొంబాయిలో నెల్సన్ వాంగ్ కార్న్‌ఫ్లోర్ అద్ది వేయించి సోయాతో తిప్పిన చికెన్ మంచూరియన్, ఇవన్నీ కడాయి నుంచి ప్లేటుకి నేరుగా వెళ్ళాల్సినవి. గోబీ మంచూరియా మూత కింద ఇరవై నిమిషాలుంటే పైపెచ్చు తడిసి పునుగు నానినట్టైపోతుంది. అందుకని స్టార్టర్లని లైనులోంచి తీసేసి టేబుల్ దగ్గరికే ఇచ్చాం, అడిగినంత. జనం లైన్లో కొండలా పెట్టుకునేది నాలుగు ముక్కలు చేతికి ఇస్తే సరిపోయింది. నూనె విషయం కూడా అప్పుడే బయటపడింది. నలుపెక్కి నురగ కడుతున్న నూనెని గోధుమరంగు అంటున్నారు. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె మళ్ళీ మళ్ళీ కాగితే పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటకూడదని 2018 జులై నుంచి రూలు ఉంది, కొలిచే స్ట్రిప్పులు దొరుకుతాయి. దాని మీద ఇంకో కేసు రాయొచ్చు, ఇక్కడ వదిలేస్తున్నాను.

అన్నం సంగతి. సెకండ్ హ్యాండ్‌లో ఒక డీప్ ఫ్రీజర్, ఒక నిలువు ఫ్రిజ్ కొనిపించాను, అదే ఆయనకి పెద్ద ఖర్చు. అన్నం రాత్రికి బదులు పొద్దున్నే ఆరింటికి వండి, వార్చి, అల్యూమినియం ట్రేల్లో రెండంగుళాల మందానికి మించకుండా పరిచి ఫ్యాన్ కింద పెట్టడం, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లోకి, మొత్తం రెండు గంటల్లోపు 21 డిగ్రీలకి దిగాలి. పల్చగా పరిస్తే గంటలోపే చల్లారిపోయింది. గింజ విడదని కుక్ గొణిగాడు, మొదటి వాయి చూశాక గొణగడం ఆపాడు. గాలికి పై తడి ఆరిపోవడంతో రాత్రి అన్నం కంటే బాగా విడింది.

ఫెయిలైనవి కూడా చెప్పాలి. ప్లేట్లు చిన్నవి చేద్దామన్నది నా ఐడియానే, పదకొండు అంగుళాల బదులు తొమ్మిది. జనం రెండుసార్లు ఎక్కువ తిరిగారు, లైను దగ్గర రద్దీ పెరిగింది, నీలం బకెట్‌లో గ్రాము తగ్గలేదు. వారంలో పాతవి తీసుకొచ్చేశాం. వృథా బోర్డు తీయించాను, దాని వల్ల కూడా బకెట్ లెక్క మారలేదు, గొడవలు మాత్రం తగ్గాయి. మంగళ, బుధ, గురువారాల్లో బఫే పూర్తిగా ఆపేయమన్నాను. ఇరవై మంది వచ్చే రోజున బఫే పెడితే తిండి ఎక్కువసేపు నిలబడుతుంది, నా లెక్కలో ఆదివారం కంటే మంగళవారమే ప్రమాదం. దానికి ఆయన ఒప్పుకోలేదు. రెగ్యులర్ కస్టమర్లు పోతారట. చివరికి ఆ మూడు రోజులూ మెనూ సగానికి తగ్గించి, రైస్ అడిగినప్పుడే వేసిచ్చేటట్టు రాజీ పడ్డాం. అది ఇప్పటికీ నాకు సగం మనసే.

ధర 249 నుంచి 279 అయింది, వారాంతం 329. రెండు నెలల తర్వాత ఆదివారం ఎర్ర బకెట్ ఏడెనిమిది కిలోల దగ్గర ఆగింది, సరుకు ఖర్చు 38 శాతానికి దిగింది. ఇంకా దిగాలి. రొయ్యలు తీసేస్తే దిగుతుంది కానీ హార్బర్ పక్కన పెట్టుకుని రొయ్యలు లేకుండా హోటల్ నడపమని ఏ మొహంతో చెప్తాను.

ఇలాంటి చోటికి తినడానికి వెళ్ళేవాళ్ళు నన్ను తరచూ అడుగుతుంటారు, ఏం చూడాలి సార్ అని. చవకైనదని భయపడక్కర్లేదు, ఖరీదైన చోట కూడా ఇదే గోపురం చూశాను. లైను మొదలైన అరగంటలో వెళ్ళండి. మూత తీయగానే ఆవిరి మొహానికి తగలాలి. కింద మంట ఉందో లేదో వంగి చూడటానికి సిగ్గుపడకండి. పాత దాని మీద కొత్తది కుమ్మరిస్తుంటే ఆ రోజుకి దాని జోలికి పోకండి, ఎర్రటి షెజ్వాన్ రైస్ రాత్రి పదింటికి నిండుగా కనిపిస్తే మాత్రం ఐస్‌క్రీం తిని ఇంటికి వెళ్ళిపోండి.

నవంబర్‌లో చెప్పకుండా వెళ్ళాను. డార్జిలింగ్ కుక్ లేడు, ఇంకెక్కడో ఎక్కువ జీతం వచ్చిందని వెళ్ళిపోయాడు. లైను మీద వేడి కొలిచి రోజూ రాయమని పెట్టించిన టెంపరేచర్ రిజిస్టర్ తెరిస్తే మూడు వారాలు ఒకటే పెన్ను, ఒకటే రాత, 65, 65, 65, 65. థర్మామీటర్ అడిగితే డ్రాయర్లోంచి తీశారు, బ్యాటరీ చచ్చి ఎన్నాళ్ళైందో. ఓనర్ని ఏమీ అనలేదు, రిజిస్టర్ ఆయన ముందు పెట్టి కూర్చున్నాను. ఆయన చాలాసేపు పేజీలు తిప్పి, "బ్యాటరీ ఎంతుంటాది సార్" అన్నాడు. యాభై రూపాయలు అన్నాను.

జనవరిలో సంక్రాంతి అయ్యాక మళ్ళీ వెళ్ళాను. రిజిస్టర్‌లో రాత మారింది, పదో తరగతి పిల్లల రాతలా గుండ్రంగా ఉంది. కొత్తగా చేరిన లైను కుర్రాడిదట. అంకెలు రకరకాలుగా ఉన్నాయి: 68, 63, 71, 62. ముందురోజు రెండుంబావుకి ఒక్కటి 54. దాని పక్కన చిన్న అక్షరాలతో 'పారబోసాం' అని ఉంది. అది చూశాకే నేను ప్లేటు తీసుకుని లైన్లో నిలబడ్డాను.